కట్టేసి ఉన్న గేదె

పరామర్శకు వచ్చినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. మా అమ్మాయి కాలు విరిగి మధ్యగదిలో మంచం మీద ఉన్న ఆ నలభై రోజుల్లో బరంపురంలో సగం ఊరు మా ఇంటికి వచ్చింది. మిగతా సగం ఫోను చేసింది. మా పెళ్లికి శుభలేఖ అందలేదని బుకాయించిన చుట్టాలు కూడా, కాలు విరిగిన వార్త మాత్రం మర్నాడు పొద్దున్నకల్లా అందుకుని దిగిపోయారు. ప్రతివాళ్ల చేతిలో ఒక బలం పొడి డబ్బా, రెండు కొబ్బరి బొండాలు. వారం తిరిగేసరికి వరండాలో బొండాల గుట్ట వెనక మా మెట్లు కనబడటం మానేశాయి. ఇంతమందిలో ఒక్కరు కూడా బొండాం కొట్టే కత్తి తేలేదు.

బొండాలనైనా సహించవచ్చు. వాళ్లు కూర్చోవడాన్ని సహించలేం. కూర్చుని, పిల్ల కాలి వంక ఒకసారి, ఫ్యాను వంక ఒకసారి చూసి, టీ చేతికి వచ్చాక అడిగేవారు.

"ఎలగయినాది బాబూ? మొదట్నించీ సెప్పు."

అది పిల్ల మీద ప్రేమ కాదు. సాయంత్రం ఇంటికి వెళ్లి చెప్పుకోవడానికి సరుకు కావాలి. ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఇన్నేళ్లూ నేను వెళ్లిన పరామర్శలన్నీ అందుకే వెళ్లాను.

అప్పుడు నేను గేదె కథ చెప్పేవాణ్ణి.

మొదటి రోజున అది మామూలు గేదె. రోడ్డుకు అడ్డం వచ్చింది, అంతే. మూడో రోజుకు దానికి కొమ్ములు మొలిచాయి, ఒక్కోటి బారెడు. వారానికి పరుగెత్తడం మొదలుపెట్టింది. పదో రోజున వెనకాల ఒక దూడ చేరింది. రెండు వారాలయ్యేసరికి పొలసర రోడ్డు మీద నా చిన్న కారుకు ఎదురుగా ఒక మందకు మందే దుమ్ము లేపుకుంటూ వస్తోంది, నేను స్టీరింగును ఇటు తిప్పి, అటు తిప్పి, కొమ్ముల మధ్య నుంచి దారి చేసుకుని, చివరికి వేరే గతిలేక కల్వర్టు గోడకు కొట్టి పిల్ల ప్రాణం దక్కించాను. ఆ ఘట్టం దగ్గర ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకునేవారు. మా కొట్టు పక్కన గిన్నెల షాపాయన నా భుజం తట్టి, "నువ్వు కాబట్టి సరిపోనాదన్నా, ఇంకోడైతే ఎల్లిపోనాడే" అన్నాడు. నేను వినయంగా తల దించుకున్నాను కూడా.

ఇదంతా మధ్యగదిలోనే, పిల్ల మంచం పక్కనే జరిగేది. ఆమె గోడవైపు తిరిగి పడుకునేది.

గేదె రాలేదు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే ఇది కూడా పరామర్శ అయిపోతుంది. గేదె ఉన్న మాట నిజం. కల్వర్టు పక్కన తాటి మొద్దుకు పలుపుతో కట్టేసి ఉంది. నెమరు వేసుకుంటోంది. మేం వెళ్లి గోడకు గుద్దుకున్నప్పుడు కూడా నెమరు ఆపలేదు.

అసలు జరిగింది అర్థం కావాలంటే నా చేతుల సంగతి చెప్పాలి. మాది బట్టల కొట్టు. మా తాత రోజుల నుంచీ బరంపురం పట్టుచీరలు అమ్ముతున్నాం. చీర అమ్మడమంటే చీర చూపించడం కాదు, విసరడం. మడతలో ఉన్న చీరను రెండు చేతులా పట్టుకుని ఒక్క ఊపు ఊపితే, అది పరుపు మీద ఆ చివరిదాకా పరుచుకుని, కొంగు సరిగ్గా గిరాకీ మోకాళ్ల ముందు ఆగాలి. ఆ ఊపు నేర్పడానికి మా నాన్నకు ఏడాదిన్నర పట్టింది. నా చెవులు మామూలు రంగుకు రావడానికి ఇంకో ఏడాది. అప్పటినుంచీ ఆ ఊపు నా చేతుల్లోనే కాపురం ఉంది. నేను అరిటాకు పరిస్తే పక్క ఆకులో పప్పు లేచి పడుతుంది. దుప్పటి వేస్తే పక్కింటి కిటికీ కొట్టుకుంటుంది. ఏదైనా చెప్పబోతే నోటికంటే ముందు చేతులు లేస్తాయి.

ఆ రోజు పొలసరలో ఒక పెళ్లివారింటికి చీరల మూటలతో వెళ్లాం. మా అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. కాలేజీకి సెలవని సరదాగా తోడు వచ్చింది. ఆ పెళ్లివారు నా చేత మూటలన్నీ విప్పించారు. వాళ్ల ఇంట్లో నేల కనబడకుండా పోయింది, గోడలు కూడా సగం దాకా చీరలే. పెళ్లికూతురి అమ్మమ్మ ప్రతి కొంగునూ వెలుతురుకు ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని, పులిసిన పెరుగు వాసన చూసినట్టు మొహం పెట్టింది. చివరికి ఒక్కటి కూడా తీసుకోకుండా, "కొట్టుకే వస్తాంలే" అంది.

తిరుగుదారిలో నేను ఆ ముసలామెను ఉతికి ఆరేస్తున్నాను. పక్క సీట్లో మా అమ్మాయి నవ్వుతోంది. కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేటట్టు నవ్వుతోంది. అది నవ్వుతోంది కాబట్టి నేను ఇంకా పెంచాను. ఆ ముసలామె ముందు ఒక ఆకుపచ్చ చీరను నేను ఎలా విసిరానో చూపించడానికి రెండు చేతులూ లేచాయి. ఊపు బ్రహ్మాండంగా వచ్చింది. కొంగు సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. కారు మాత్రం ఆగలేదు.

కాలువగట్టు మీద పిడకలు చరుస్తున్న ముసలమ్మ ఒకామె పరుగెత్తుకొచ్చింది. తలుపు లాగింది ఆమే, పిల్లను దించి గడ్డి మీద పడుకోబెట్టిందీ ఆమే. నేను కారు చుట్టూ తిరుగుతూ, ఒకవైపు అద్దం ఊడిపోయిన విషయాన్ని కాలువకు ఫిర్యాదు చేస్తున్నాను. ఆమె తన చీర కొంగు చింపి, రెండు వెదురు బద్దలు తెచ్చి, పిల్ల కాలికి ఆనించి కట్టింది. అంబులెన్సు వచ్చేదాకా తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగించింది. ఆ గేదె ఆమెదే.

పెద్దాసుపత్రిలో మా ఆవిడ పరుగున వచ్చి అడిగింది. "ఏటయినాదండీ? ఏటి అడ్డొచ్చినాది? గేదేటి?"

నేను తల ఊపాను. తల ఊపడానికి చేతులు అక్కర్లేదు. స్ట్రెచరు మీద పడుకున్న మా అమ్మాయి నా మొహం వంక చూసింది. మాట ఆగిపోయింది ఆ క్షణంలోనే.

ఆగిపోవడమంటే మామూలుగా కాదు. అందరితో మాట్లాడుతుంది. వాళ్లమ్మతో, స్నేహితులతో, డాక్టరుతో, బొండాలవాళ్లతో. నాతో మాత్రం లేదు. నేను గదిలోకి వెళితే గోడతో సంసారం మొదలుపెట్టేది. నాతో పని పడితే వాళ్లమ్మ ద్వారా హుకుం వచ్చేది.

"అమ్మా, ఆ మనిసిని ఫ్యాను తగ్గించమను."

ఆ మనిషి ఫ్యాను తగ్గించేవాడు.

"అమ్మా, మరీ అంత తగ్గించమనలేదని సెప్పు."

ఆ మనిషి పెంచేవాడు. ఫ్యాను రెగ్యులేటరు దగ్గర నేను నిలబడినంతసేపు నా కొట్లో కూడా నిలబడలేదు.

దారికి తేవాలని వీధి చివర బండి దగ్గర వేడివేడి మినప బరా, బఠాణీల ఘుగుని కట్టించుకొచ్చాను. చిన్నప్పటినుంచీ దానికి అవంటే ప్రాణం. పొట్లం మంచం పక్కన పెట్టి, బండివాడు ఘుగునిలో ఎంత అల్లం వేశాడో, ఆ ఘాటుకు ముందు నిలబడ్డాయన కళ్లజోడు ఎలా మసకేసిందో చెప్పబోయాను. చేతులు లేవబోతే వెనక్కి కట్టుకున్నాను.

"అమ్మా, దాన్ని ఆ బొండాల పక్కన పెట్టమను," అంది.

మా ఆవిడకు అసలు సంగతి తెలియదు. ఎండలో పిల్లను అంతదూరం తిప్పానన్న కోపం ఒకటి, పిల్ల నాతో ఎందుకు మాట్లాడటం లేదో అంతుపట్టని చిరాకు ఒకటి. రెండూ కలిపి నా కంచంలో వడ్డించేది. ఆ నెల మా ఇంట్లో ఉప్పుకు కరువొచ్చింది, అదీ నా కంచం వరకే. "ఏటి సేసినారండీ దాన్ని?" అని రోజుకు పదిసార్లు అడిగేది. నేను గేదె గురించి చెప్పేవాణ్ణి.

ఇక్కడ మా బావమరిది వస్తాడు. ఛత్రపూర్ కోర్టులో ఒక వకీలు దగ్గర గుమాస్తా. న్యాయశాస్త్రమంతా తన చొక్కా జేబులో ఉన్నట్టు నడుస్తాడు. నిజానికి ఆ జేబులో ఉన్నవి మూడు పెన్నులు, అందులో రెండు రాయవు. ఐదో వారంలో ఆదివారం పొద్దున వచ్చి, బొండాల గుట్ట దాటి, పిల్ల మంచం మీద కాగితాలు పరిచాడు.

"బావా, దీన్ని ఊరికే ఒదిలీకూడదు. రోడ్డు మీద పశువుల్ని ఒదిలీసి మనుసుల కాళ్లు ఇరగ్గొట్టీడమేటి. ఆ గేదె ఎవలదో కనుక్కున్నాను. కాలువ పక్క ముసల్ది. కేసు ఏసేద్దాం."

"ఎందుకులేరా," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

"నువ్వు మంచోడివి కాబట్టి అలగంటావు. నీ మంచితనం పక్కనెట్టు. ఇదిగో, జరిగిందంతా రాసినాను." చదివాడు. నేను చెప్పిన కథే. మంద, దుమ్ము, కొమ్ములు. కోర్టు భాషలో పడేసరికి ఆ గేదెకు ఇంకో రెండు మూరల ఎత్తు పెరిగింది. నాకే భయం వేసింది. "పక్కన కూకున్నది నువ్వే కాబట్టి నువ్వే సాక్షివమ్మా. ఇక్కడ సంతకం పెట్టు."

మా అమ్మాయి కాగితం తీసుకుంది. మొదటి నుంచి చివరిదాకా చదివింది. మడతపెట్టి వాళ్ల మావయ్య చేతిలో పెట్టింది.

"నాను పెట్టను మావా. గేదె కట్టీసి ఉన్నాది."



"కట్టీసి ఉంటే మరి ఎలగ గుద్దుకున్నారు?" అన్నాడు మా బావమరిది.

"మీ బావనడుగు."

వాడూ, అమ్మాయీ, టీ పట్టుకొచ్చిన మా ఆవిడా, ముగ్గురూ నా వంక చూశారు. అప్పుడు నేను చేసిన పనిని ఎంత తగ్గించి చెప్పినా అది పెద్దదిగానే ఉంటుంది. ఇన్నాళ్లూ గేదెను పెంచాను, అది నవ్వులాటే అనుకుందాం. ఆ క్షణంలో నేను నా కూతుర్ని తగ్గించాను.

"దెబ్బ తగిలినాది కదా," అన్నాను. "షాకులో ఉన్నాది. సరిగా గుర్తులేదు దానికి."

మా అమ్మాయి ఏడవలేదు. నన్ను చూసింది, అంతే. పరుపు మీద పరిచిన చీరలో చిరుగు కనబడితే గిరాకీ మన వంక అలా చూస్తుంది. ఆ తరవాత దుప్పటి తలదాకా లాక్కుంది.

మా బావమరిది కాగితాలు సర్దుకుని బయలుదేరాడు. గుమ్మం దగ్గర, "దానికి గుర్తొచ్చాక సూద్దాం బావా, తొందరేటి లేదు," అన్నాడు. వాడి కాలికి బొండాం తగిలి తూలితే నాకు కలిగిన సంతోషం ఇక్కడ రాయదగింది కాదు.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. పాతికేళ్లుగా నన్ను చూస్తున్న మనిషి.

"కారు గుద్దుకున్నప్పుడు మీ సేతులెక్కడున్నాయి?" అంది.

"స్టీరింగు మీదే. ఇలగ ఇటు తిప్పి, అలగ అటు..."

చెబుతూ ఉండగానే నా రెండు చేతులూ గాలిలోకి లేచాయి. ఆమె ఆ చేతుల వంక చూసింది. అవి దిగేదాకా చూసింది. తరవాత లోపలికి వెళ్లి, పప్పు గుత్తితో పప్పును ఎంతసేపు మెదిపిందంటే, ఆ పూట మేం తిన్నది పప్పో సున్నమో చెప్పలేను. ఉప్పు లేదని మాత్రం చెప్పగలను.

రెండు రోజుల తరవాత మా బావమరిది నుంచి ఫోను వచ్చింది. చేతిలో బలం పొడి గ్లాసు ఉండటం వల్ల స్పీకరు నొక్కాను. అది మధ్యగది గుమ్మం దగ్గర.

"బావా, సంతకం రాపోయినా పరవాలేదు. ఆ ఊళ్లో నాకు తెలిసినోడొకడున్నాడు, వార్డు మెంబరు. వాడిచేత ముసల్దాన్ని పిలిపించినాను. గేదెని మేతకి తోల్తే కేసయిపోద్దని సెప్పించినాను. దెబ్బకి దాన్ని ఇంట్లో కట్టీసి, తలుపేసీసినాదట. బయటికి తేవట్లేదు. భయం మొదలైనాది." నవ్వాడు. "అదీ మన దెబ్బ."

లోపల మంచం కిర్రుమంది. గ్లాసు అందించడానికి వెళితే మా అమ్మాయి దిండు కింద దేనికోసమో తడుముకుంటోంది. నన్ను చూసి చెయ్యి తీసేసింది.

మర్నాడు కొట్లో మధ్యాహ్నం క్యారేజీ విప్పాను. పై గిన్నెలో అన్నం ఉండాలి. అన్నం లేదు. ఉతికి, మడతపెట్టిన ఒక గుడ్డపేలిక ఉంది.

గుడ్డను చూసి ఊరు, వయసు చెప్పే వృత్తి మాది. అది ముతక నూలు. ఎరుపు రంగు ఎండకు వెలిసి ఇటుక రంగైంది. ఏ గుడ్డనైనా నిలువుగా చింపడం సులువే, అంచు దగ్గరే ఉంటుంది తిప్పలు. దిట్టంగా నేసిన అంచు చేతులకు లొంగదు, కత్తెర కావాలి. ఇది అంచుతో సహా చింపి ఉంది. అంచు దగ్గర నూలు నలిగి, పంటి గాట్లు ఉన్నాయి. ఆ ముసలమ్మ పళ్లతో కొరికి చింపింది. ఆసుపత్రిలో కట్టు విప్పినప్పుడు మా అమ్మాయి దీన్ని అడిగి తీసుకుందన్నమాట. ముప్పై ఐదు రోజులు దిండు కింద పెట్టుకుని, ఇవాళ వాళ్లమ్మ చేత నాకు పంపింది. నేను ఆ మంచం పక్కనే నిలబడి గేదెకు కొమ్ములు మొలిపించిన ప్రతిసారీ ఇది ఆ దిండు కిందే ఉంది.

నా ముందు ఒక గిరాకీ కూర్చుని ఉంది. "చీర చూపించరేమిటి," అంది. చూపించాను. విసరలేదు. మడత మడతగా విప్పి ముందు పెట్టాను. ఆమె నన్ను అనుమానంగా చూసి, చీరలో లోపముందనుకుని లేచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బావమరిదికి ఫోను చేసి నిజం చెప్పాను. మొదట వాడు నమ్మలేదు. నమ్మాక తిట్టాడు. నేనూ తిట్టాను. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం, అందులో రాయదగిన మాటలు రెండో మూడో. చివరికి, "రాసిన కాగితం సింపీమంటావు, అంతేనా?" అన్నాడు. చింపమన్నాను. అప్పటినుంచీ వాడు నాతో మాట్లాడటం లేదు. ఇది మాత్రం నాకు లాభమే.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకు చెప్పాను, కట్టు విప్పిన మర్నాడే పొలసర రోడ్డుకు వెళ్లొస్తానని. ఆమె అడిగేలోగా మధ్యగదిలోంచి గొంతు వచ్చింది.

"అమ్మా, నాను కూడా ఒస్తానని సెప్పు."

నలభై ఒకటో రోజున బయలుదేరాం. మా ఆవిడ ముందు సీట్లో, జైలు వార్డరులా. అమ్మాయి వెనక సీట్లో, కాలు బారుగా చాపుకుని, పక్కన చేతికర్ర. కారుకు కొత్త మడ్‌గార్డు వేశారు. కారుది తెలుపు, దానిది ఇంకేదో తెలుపు. దారిపొడవునా నేను స్టీరింగును ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, హింజిలి దాటేసరికి నా గోళ్లు కూడా తెల్లబడ్డాయి. ఎదురుగా నిజంగానే ఒక గేదెల మంద వచ్చింది. ఎంతో మర్యాదగా, ఒక పక్కగా నడిచి వెళ్లిపోయింది.  ఆ మర్యాద నాకు చెంపదెబ్బలా తగిలింది.

కల్వర్టు గోడ మీద మా కారు రంగు ఇంకా అంటుకుని ఉంది. తాటి మొద్దు దగ్గర గేదె లేదు. ముసలమ్మ ఇల్లు వెనకాలే. మమ్మల్ని చూసి గుమ్మంలోనే నిలబడింది, రమ్మనలేదు. ఆమె మాట్లాడింది ఒడియా. మౌసీ, అంటే పిన్ని, అన్న పిలుపు తప్ప మిగతాది నేను తెలుగులో రాస్తున్నాను కాబట్టి అందులో సగం కారం దారిలోనే పోతుంది.

"కేసు పెట్టినాయన నువ్వేనా?"

"కేసు లేదు మౌసీ. తీసేశాం. తప్పు నాది."

"నీదని నాకు తెలీదా. నేను చూడలేదా. బండిలో కూచుని చేపల వలేసినట్టు చేతులు విసిరావు. ఏ దెయ్యం పట్టిందో అనుకున్నాను." మా అమ్మాయి వైపు తిరిగింది. గొంతు మారింది. "కాలు మోపుతున్నావా అమ్మా? ఇలా కూచో." మళ్లీ నా వైపు. మళ్లీ పాత గొంతు. "నా గేదె నీ బండిని చూడనైనా చూడలేదు. దాన్ని చీకటి గదిలో పెట్టించావు. మేత ముట్టటం లేదు. పాలు సగం తగ్గాయి. దానికి ఏం చెప్పమంటావు?"

నేను సంచీలోంచి పట్టుచీర తీశాను. కొట్లో ఉన్నవాటిలో మంచిది. ఎర్ర అంచు. రెండు చేతులా ముందుకు పట్టుకున్నాను. ఆమె వేళ్లతో అంచును నలిపి చూసింది, పొలసర పెళ్లివారి అమ్మమ్మకంటే నేర్పుగా.

"ఇది చిరుగుతుందా?" అంది.

"చిరగదు మౌసీ. గట్టి నేత."

"అయితే ఎవరి కాలైనా విరిగితే దీంతో ఏం కడతాను. నాకొద్దు. నువ్వే ఉంచుకో. నువ్వు చెయ్యాల్సింది వేరే ఉంది. ఆ మెంబరు నన్ను పిలిపించి తిట్టింది టీకొట్టు దగ్గర, పదిమందిలో. నా గేదె మనుషుల కాళ్లు విరగ్గొడుతుందని ఊరంతా అంటున్నారు. వెళ్లి ఆ పదిమందికీ చెప్పు."

టీకొట్టు రోడ్డు మలుపులో ఉంది. బల్లల మీద పదిమంది కాదు, పాతికమంది ఉన్నారు. నా జన్మలో నేను ఇష్టంగా నిలబడని మొదటి సభ అది. మా ఆవిడ ఒకవైపు, చేతికర్ర మీద ఆనుకుని మా అమ్మాయి ఒకవైపు, వెనక ముసలమ్మ. దారి మూసేశారు. నాకొచ్చిన ఒడియాలో చెప్పాను. గేదె కట్టేసి ఉంది. నేనే చేతులు వదిలేశాను. మా పిల్లకు బాగా గుర్తుంది, నేనే అబద్ధం చెప్పాను. మూడు ముక్కలు. ఇంత చిన్న కథ నేనెప్పుడూ చెప్పలేదు.

ఎవరికీ నచ్చలేదు. "చేతులు ఎందుకు వదిలేశావు?" అన్నాడు టీ మరిగించేవాడు.

"చీర ఎలా విసురుతామో పిల్లకు చూపిస్తున్నాను."

బల్లల మీద ఒక నవ్వు లేచింది. మంచి నవ్వు కాదు. మీసాలాయన ఒకడు, "చూపించు మరి, మేమూ చూస్తాం. చీర చేతిలోనే ఉందిగా," అన్నాడు. నేను మా అమ్మాయి వంక చూశాను. ఆమె నా వంకే చూస్తోంది. గోడ వైపు కాదు. తప్పించమని అడుగుతున్నానని ఆమెకు తెలుసు. తప్పించలేదు.

విసిరాను. పాతిక మంది ముందు, టీకొట్టు దుమ్ములో, బరంపురం పట్టుచీర ఆ చివరిదాకా పరుచుకుని, కొంగు సరిగ్గా ఆ మీసాలాయన మోకాళ్ల ముందు ఆగింది. కొంగు మీద టీ ఒలికింది. ఒకడు ఈల వేశాడు. ఇంకొకడు, "ఇందుకా పిల్ల కాలు విరగ్గొట్టావు," అన్నాడు.  చీర మడతపెట్టుకున్నాను.

ముసలమ్మ నాతో మళ్లీ మాట్లాడలేదు. వెళ్లి తలుపు తీసి గేదెను బయటికి తోలుకొచ్చింది. చిన్న గేదె. కొమ్ములు నా చెయ్యంత కూడా లేవు, ఒకటి కాస్త వంకర. వెలుతురులోకి వచ్చి కళ్లు మూసుకుని నిలబడింది. మా అమ్మాయి చేతికర్ర మీద కుంటుకుంటూ వెళ్లి దాని నుదురు నిమిరింది. ముసలమ్మ ఆమెకు ఏదో చెప్పింది, ఆమె ఏదో అంది, ఇద్దరూ నా వంక చూశారు. నాకు వినబడలేదు, అడగలేదు.

తిరుగుదారిలో కారు ఎక్కేటప్పుడు మా అమ్మాయి ముందు తలుపు దగ్గర ఆగి వాళ్లమ్మ వంక చూసింది. మా ఆవిడ వెనక్కి వెళ్లి కూర్చుంది. ముందు సీట్లో, ఆ రోజు కూర్చున్న చోటే, అమ్మాయి కాలు జాగ్రత్తగా సర్దుకుని బెల్టు పెట్టుకుంది. కిటికీలోంచి బయటికే చూస్తోంది.  సగం దారి వచ్చాం.

హింజిలి ముందర ఒక ట్రాక్టరు మీద పెళ్లివాళ్ల సామాను వెళ్తోంది. మంచం, బీరువా, అన్నిటికంటే పైన కుర్చీలో ఒక ముసలాయన, దేశాన్ని ఏలుతున్నట్టు గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. నా లోపల ఏదో కదిలింది. నోరు తెరవబోయాను. ఎడమ చెయ్యి స్టీరింగు మీంచి బెత్తెడు లేచింది.

"సెయ్యి," అంది మా అమ్మాయి.

ఎవరి ద్వారానూ కాదు, నాతోనే అంది. కిటికీలోంచి తల తిప్పకుండానే అంది. ఒక్క మాట. అందులో ప్రేమ ఏమీ లేదు, ఉందని నేను పెంచి చెప్పను.

చెయ్యి కిందికి దించాను. ట్రాక్టరు పక్కనుంచి దాటుతూ ఆ ముసలాయన గురించి ఒక్క ముక్క కూడా అనలేదు. బరంపురం వచ్చేదాకా రెండు చేతులూ అక్కడే ఉన్నాయి.